గోనె మీది గుట్ట

మిర్యాలగూడ బియ్యం మిల్లులో లాజరు పని సంచుల మీద మిల్లు గుర్తు వేయడం. రేకు అచ్చును సంచికి ఆనించి, నల్లరంగులో ముంచిన గుడ్డతో ఒకసారి రుద్దితే గుర్తు పడుతుంది. పొద్దస్తమానం అదే అచ్చు, అదే గుర్తు. ఆ పనికి చెయ్యి ఒక్కటుంటే చాలు, మనిషి అక్కర్లేదు. అలా వాడకుండా మిగిలిపోయిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చి బొమ్మలు వేసేవాడు.

ఎవరి దగ్గరా నేర్చుకున్న విద్య కాదు. నేర్పేవాళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నారని కూడా అతనికి తెలియదు. మిల్లువాళ్లు పారేసిన చిరుగు గోనెసంచిని విప్పి, దాని మీద చింతగింజల జిగురు పూసి, పైన సున్నం పట్టించి ఆరబెట్టేవాడు. ఎర్ర జాజు, పసుపు, నీలిమందు, దీపం మసి: ఇవే రంగులు. ఈతపుల్ల కొసను నమిలి మెత్తగా చేస్తే అదే కుంచె. చెరువులు, గుట్టలు, బీళ్లు, వాన ముసిరిన ఆకాశం తప్ప ఇంకేమీ వేసేవాడు కాదు. మనుషుల జోలికి అసలు పోడు.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఎదురుగా చూస్తూ ఎప్పుడూ వేయడు. చూసి వచ్చి, దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగి, ఇక ఆగదనుకున్నప్పుడు పుల్ల పట్టుకునేవాడు. అప్పటికి ఆ చోటు ఎలా ఉందో మరిచిపోయేవాడు. అక్కడ తనకేమనిపించిందో అదొక్కటే మిగిలేది. దిగులుపడ్డ చోట ఆకాశం నేలను నొక్కేసేది. సంతోషపడ్డ చోట పిల్లకాలువ మూసీ అంత అయ్యేది. ఇందుకు అందరూ నవ్వేవారు. అందరికంటే ఎక్కువ నవ్వేవాడు బండి తోలే కొమురయ్య.

"ఓ లాజరూ, హుజూర్‌నగర్ తొవ్వల గంత గుట్ట యాడున్నది? నా ఎడ్లకు ఎర్కలేని గుట్ట నీకెట్ల దొరికిందిరా?" అనేవాడు.

లాజరు నవ్వి ఊరుకునేవాడు. భార్య జానమ్మ నవ్వేది కూడా కాదు. ఆమె ఆ బొమ్మల వంక చూడగా లాజరు ఎన్నడూ చూడలేదు. గోడ తుడిచేటప్పుడు వాటిని పక్కకు జరిపేది, మళ్లీ తగిలించేది, అంతే. బయటివాళ్లు నవ్వితే లాజరుకు పట్టేది కాదు గానీ, ఇంట్లో మనిషి చూడకపోవడం మాత్రం ముల్లులా గుచ్చుకునేది. ఎన్నడూ బయటికి అనలేదు. అనకపోతే తెలియడానికి జానమ్మ ఏమన్నా దేవతా అని మీరు అడగవచ్చు. ఆ సంగతికే వస్తున్నాను.

కొమురయ్య ఎద్దేవా చేసిన గుట్ట లాజరు బొమ్మలన్నిటిలోకీ పెద్దది. సగం గోనె అదే. ఎర్రగా, బరువుగా, మీద పడేలా ఉంటుంది. దాని అంచునే వెండిపళ్లెంలా మెరిసే చెరువు, చెరువు మీద కొంగలు, నల్లగా కొన్ని తాటిచెట్లు, వాటి మధ్యలోంచి సన్నటి తెల్లని బాట. గోడకు, వాళ్లు పడుకునే చోటికి సరిగ్గా తలాపున ఉండేది.

పోలీసు యాక్షన్ అయి, రజాకార్ల పీడ వదిలి, తర్వాతి వేసవి వచ్చింది. పీడ పోయిందంటే పూర్తిగా పోలేదు. ఇప్పుడు సంఘపోళ్ల, అంటే కమ్యూనిస్టుల దళాలు గుట్టల్లో ఉన్నాయని మిలిటరీ వెతుకుతోంది. రోడ్డు మీద పోయే ప్రతి బండినీ ఆపి చూస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టుగా ఉంది జనం బతుకు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున కొమురయ్య సూర్యాపేటకు తవుడు తోలుకుపోవాలి. గాలి విసిరికొడుతోంది, తవుడు లేచిపోతుంది, పైన కప్పడానికి ఏదైనా కావాలి. లాజరు అప్పటికే మిల్లులో ఉన్నాడు. కొమురయ్య ఇంటి ముందు బండి ఆపి అడిగేసరికి, జానమ్మ లోపలికి వెళ్లి, గోడ మీది ఆ పెద్ద గోనెను తీసి, రంగు లోపలికి వచ్చేటట్టు మడిచి ఇచ్చేసింది.

"గిది లాజరు బొమ్మ గదా చెల్లే?" అన్నాడు కొమురయ్య.

"తీస్కపో అన్న. మల్ల తేకపోయినా మంచిదే," అంది జానమ్మ.

మూసీ దాటగానే సిపాయిలు బండిని ఆపారు. తవుడులో తుపాకులున్నాయేమో గుచ్చి చూద్దామని పైకప్పు లేపారు. లేపితే ఏముంది? లోపలివైపు గుట్ట, చెరువు, చెట్లు, బాట. ఒక్క మనిషి కూడా లేడు. దారులు చూపే పటం గాక ఇంకేమిటది? ఎవరిదని గద్దించేసరికి కొమురయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. లాజరు పేరు చెప్పి, బండి విడిపించుకుని, ఎడ్లను అదిలిస్తూ జానమ్మకు కబురు చెప్పడానికి వెనక్కి తిరిగాడు. అతను మిర్యాలగూడ చేరేలోపే జీపు చేరింది. చేతికి నల్లరంగుతోనే లాజరును ఎక్కించుకుని సూర్యాపేట క్యాంపుకు తీసుకుపోయారు.

క్యాంపులో కెప్టెన్ హిందీలో అడుగుతాడు. కోదాడ మనిషి జనార్దన్ అనే గుమాస్తా తెలుగులో చెబుతాడు. బల్ల మీద గోనె పరిచి ఉంది. కెప్టెన్ గుట్ట మీద బెత్తం ఆనించి ఏదో అన్నాడు.

"ఇది ఏ గుట్ట, ఎక్కడుంది అని అడుగుతున్నారయ్యా," అన్నాడు జనార్దన్.

ఇక్కడ లాజరు చేసిన పనికి ఇప్పటికీ ఎవరైనా తల కొట్టుకోవాల్సిందే. అన్నేళ్లలో అతని బొమ్మను చూసి "ఇది ఏమిటి?" అని అడిగిన మొదటి మనిషి ఆ కెప్టెన్. పెద్ద ఆఫీసరు, బల్ల మీద పరుచుకుని, కళ్లు చికిలించి చూస్తూ అడుగుతున్నాడు. లాజరుకు ఒళ్లు మరిచిపోయేంత సంబరమైంది.

"కోదాడ నుంచి హుజూర్‌నగర్ పొయ్యే తొవ్వల ఉన్నది సాబ్. గీ తెల్లగున్నది బాట. గీడికెంచి మలిగితే గుట్ట ఎనకకు పోవచ్చు, ఎవ్వలకు కనవడం. గీడ చెరువు. నీళ్లు ఎప్పుడూ ఉంటయి. గీ తాటిచెట్ల కింద నీడ మస్తుగ ఉంటది..."

బల్ల కింద జనార్దన్ అతని కాలు తొక్కాడు. లాజరు కాలు పక్కకు తీసుకుని, రంగుల సంగతి కూడా మొదలుపెట్టాడు. నోరా వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. జనార్దన్ వీలైనంత తగ్గించి చెప్పాడు గానీ, చూపుడువేలు చూపించిన వాటికి తర్జుమా ఎందుకు? దాక్కునే చోటు, నీళ్లు, నీడ, వెళ్లే బాట. కెప్టెన్ ముఖం ముడుచుకుపోయింది.

"రేపు నిన్ను అక్కడికి తీసుకెళ్తారు," అని జనార్దన్ చెప్పాడు. గొంతు తగ్గించి, "బొమ్మలో ఉన్నట్టు అక్కడ ఉంటే నువ్వు దళాలకు దారి చూపించేవాడివన్నట్టే. ఇక నిన్ను ఎవరూ కాపాడలేరు. ఎందుకు వాగావయ్యా అంతసేపు?" అన్నాడు.

అప్పుడు తెలిసింది లాజరుకు. అలా పట్టుకుపోయినవాళ్లలో తిరిగిరాని వాళ్ల పేర్లు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

మర్నాడు జీపు బయలుదేరే వేళకు క్యాంపు గేటు ముందు కొమురయ్య బండి ఆగి ఉంది. జానమ్మ దిగి తిన్నగా జీపుకు అడ్డంగా నిలబడింది. తల మీద కొంగు, చేతిలో సద్దిమూట. సిపాయి తొలగమంటే తొలగలేదు.

"నేను గూడ వస్త. మా ఇంటాయన ఎటువోతే నేనటు," అంది.

కెప్టెన్ విసుక్కున్నాడు. జనార్దన్‌కు ఏమనిపించిందో ఏమో, "పెళ్లాం పక్కనుంటే వీడు పారిపోడు సాబ్," అని హిందీలో సర్దిచెప్పాడు. అలా జానమ్మ పుట్టి బుద్ధెరిగి మొదటిసారి మోటారెక్కింది. దారి పొడుగునా మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. సద్దిమూట విప్పి జొన్నరొట్టె చేతిలో పెట్టింది. అతను తినలేకపోతే, "తిను," అంది. అది మాట కిందికి వస్తే ఆ ఒక్కటే.

బెజవాడ రోడ్డున కోదాడ చేరి, అక్కడి నుంచి హుజూర్‌నగర్ దారి పట్టారు. కొంతదూరం పోయాక లాజరు చెయ్యి చూపించాడు. జీపు ఆగింది. సిపాయిలు తుపాకులు సవరించుకుని దూకారు. కెప్టెన్ గోనెను బానెట్ మీద పరిచి, తలెత్తి చూశాడు.

గుట్ట లేదు.

ఉన్నది ఒక ఎర్రమట్టి దిబ్బ. మేక ఎక్కి నిలబడితే దిబ్బకంటే మేకే ఎత్తుగా కనబడుతుంది. చెరువు దాని పక్కన లేదు. ఎక్కడో బీడుకు ఆవల సన్నటి గీతలా మెరుస్తోంది. తాటిచెట్లు ఇంకోవైపున్నాయి. తెల్లటి బాట అసలు లేనే లేదు. కెప్టెన్ గోనెను ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు, తలకిందులుగా పెట్టి కూడా చూశాడు.

బొమ్మ కలవలేదు, బతుకు జీవుడా అనుకున్నాడు లాజరు. ఆ సంబరం అంతలోనే పోయింది. కెప్టెన్ కోపంతో ఎర్రబడి అరుస్తున్నాడు.

"నన్ను తప్పుదారి పట్టిస్తున్నావా అంటున్నారు," అన్నాడు జనార్దన్. "అసలు గుట్ట ఇంకెక్కడో ఉంది, అది చెప్పకుండా ఈ దిబ్బ చూపించి మోసం చేస్తున్నావంటున్నారు. చెప్పవయ్యా బాబూ, ఏదో ఒకటి చెప్పు!"

కలిస్తే ఒక ముప్పు, కలవకపోతే ఇంకో ముప్పు. లాజరు నోరు తెరిచాడు. చెప్పాల్సింది ఉంది. కానీ అది చెప్పాల్సి వచ్చేది జానమ్మ ముందర. ఏడాదిగా దాచుకున్న సిగ్గు అది, తెరిచిన నోరు మూసేశాడు. కెప్టెన్ సిపాయికి సైగ చేశాడు. సిపాయి లాజరు రెక్క పట్టుకున్నాడు.

"ఆగుర్రి దొరా!" అంది జానమ్మ.

అందరూ ఇటు తిరిగారు.

"గీ గుట్ట గిదే. మీరు నిలవడి సూస్తున్నరు, గందుకే దిబ్బ లెక్క కనవడుతున్నది. మా ఆయన నిలవడి సూడలే. నిరుడు ఎండకాలం, రజాకార్లున్నప్పుడు, అచ్చురేకు కత్తిరించుకరానీకి కోదాడకు నడిసిపోయిండు. మూడో దినం పొద్దుగూకినంక ఇంటికొచ్చిండు. ఎండకు చెట్టు కింద పండుకున్న, ఆలిశ్యమైందని నాతోని చెప్పిండు. చెట్టు కింద పండుకున్నోని అంగి ముందల అంత ఎర్రమన్ను ఎందుకుంటది? చెంపకు పల్లేరుకాయలు ఎందుకు గుచ్చుకుంటయి? వచ్చుడు వచ్చుడే కుండెడు నీళ్లు తాగిండు. నేనేం అడగలే. గా తర్వాత గీ బొమ్మ ఏసిండు."

జనార్దన్ గబగబా చెబుతున్నాడు. కెప్టెన్ వింటున్నాడు. లాజరు తల వంచుకున్నాడు.

"రజాకార్ల లారీ కనవడ్డదేమో. గీ దిబ్బ ఎనక బోర్ల పండుకున్నడు. గది దాచింది గనుక గుట్టంత అయింది. దూపకు నాలిక పిడుచగట్టుకపోయి, చెరువు దిక్కే సూస్తుండె, లేసి పోరాదు. గందుకే చెరువు దగ్గెరికొచ్చింది. ఇగ గా తెల్లబాట అంటరా, గది నేల మీద లేదు. ఇంటికి ఎట్లన్న పోవాలె అనుకున్నడు గదా, గదే." జానమ్మ కొంగు సర్దుకుంది. "నమ్మకం లేకుంటే మీరు గూడ గీడ జర పండుకోని సూడుర్రి దొరా."

జనార్దన్ తర్జుమా ఆపేశాడు. మిలిటరీ ఆఫీసరును పట్టుకుని మట్టిలో పడుకోమంటోందీ మనిషి! "ఏమంది?" అని కెప్టెన్ గద్దించాక, కళ్లు మూసుకుని చెప్పేశాడు.

బీడు మీద తీతువు పిట్ట ఒకటి అరుచుకుంటూ పోయింది. కెప్టెన్ టోపీ తీసి బానెట్ మీద పెట్టాడు. దిబ్బ వెనక్కి నడిచి, మోకాళ్ల మీద వంగి, తర్వాత బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించాడు. సిపాయిలు ఎటు చూడాలో తెలియక జీపు చక్రాల వంక చూశారు.

అలా చాలాసేపు ఉండిపోయాడు. లేచేటప్పటికి చొక్కా ముందంతా ఎర్రమన్ను, చెంపకు పల్లేరుకాయ. దాన్ని తీసి వేళ్ల మధ్య తిప్పుతూ, ఈసారి అరవకుండా మాట్లాడాడు.

"బర్మా యుద్ధంలో ఆయనా ఇట్లాగే ఒక దిబ్బ వెనక పడుకున్నారట," జనార్దన్ మెల్లగా చెప్పాడు. "అది దీనికంటే చాలా పెద్దదట."

"ఎంతుండె సాబ్?" లాజరుకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది.

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. కెప్టెన్ కాసేపు ఆలోచించి, చెయ్యి కిందికి దించి, తన మోకాలి దగ్గర ఆపాడు. ఆ చేతిని తనే చూసుకుని నవ్వాడు. నవ్వి, రెక్క పట్టుకున్న సిపాయిని వదలమని సైగ చేశాడు.

"ఇది పటం కాదు. దీన్ని పట్టుకుని పోతే మా వాళ్లు చెరువులో పడతారు," అన్నాడట. తర్వాత గోనెను జాగ్రత్తగా చుట్టి, తిరిగి ఇవ్వబోయి ఆగాడు. "ఇది నా దగ్గర ఉంచుకోనా?"

అడిగింది ఆఫీసరు, అందులోనూ తనను ప్రాణాలతో వదిలిపెట్టిన ఆఫీసరు. అయినా లాజరుకు అది ఆజ్ఞలా వినిపించలేదు. నిజంగానే అడుగుతున్నాడనిపించింది. జవాబు చెప్పేలోపే జానమ్మ, "ఉంచుకోండ్రి దొరా, ఉంచుకోండ్రి," అనేసింది.

జీపు వాళ్లను హుజూర్‌నగర్‌లో దింపి వెళ్లిపోయింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరూ రోడ్డు మీదే నిలబడ్డారు. అప్పుడు లాజరు రోడ్డు పక్క అరుగు మీద కూలబడి ఏడ్చాడు, మధ్యలో నవ్వాడు, మళ్లీ ఏడ్చాడు. జానమ్మ పక్కన కూర్చుని మిగిలిన రొట్టె విప్పింది. ఈసారి చెప్పకుండానే తిన్నాడు. అంత రుచిగల జొన్నరొట్టె అతను ముందూ తినలేదు, ఆ తర్వాతా తినలేదు.

నేరేడుచర్ల వైపు నడుస్తున్నప్పుడు అడిగాడు.

"నువ్వెన్నడు నా బొమ్మలు సూడలే గదనే. నీకెట్ల ఎర్క?"

"సూడలేదని నీకెవరు చెప్పిండ్రు? నువ్వు మిల్లుకు పోయినంక ఇంట్ల ఉండేది నేను, నీ బొమ్మలు. ఇంకేం సూడాలె?" అంది జానమ్మ. "మా అవ్వ సచ్చిపోయినప్పుడు నువ్వు నాకు ఒక్క మాట చెప్పలే. ఆకాశం నల్లగ, కిందికి దిగినట్టు ఏసినవు సూడు, గప్పుడు నాకు తెలిసింది నీకు గూడ దుక్కమైందని."

లాజరు నడక ఆగిపోయింది. ఎండలో అలాగే నిలబడ్డాడు. ఇన్నాళ్లూ గోడకు చెబుతున్నాననుకున్న మాటలన్నీ ఒక మనిషి వింటూనే ఉంది. ఆ దిబ్బ దగ్గర ప్రాణం దక్కినప్పుడు కూడా గుండె ఇంత తేలికపడలేదు.

"మరి గా గోనె కొమురన్నకెందుకిచ్చినవు?" అన్నాడు.

జానమ్మ దారి పక్క తుమ్మకంపను కాలితో జరిపింది.

"తలాపున పెట్టినవు. రోజు పొద్దుగాల కండ్లు తెరిస్తే నువ్వు దాని ఎనక పండుకున్నట్టే కనవడేది. ఎవడన్న వచ్చి నిన్ను సూస్తడేమో అని నేను తలుపు దిక్కే సూస్తుంటి. ఎన్ని దినాలు ఓర్సుకోను? గందుకే పోతే పోనీ అని ఇచ్చిన. గది పొయ్యి నిన్నే తోల్కపాయె," అని, అంతదాకా బిగపట్టుకున్నదంతా అప్పుడు ఏడ్చింది. లాజరు ఆమె చేతిలోని ఖాళీ సద్దిగుడ్డ తీసుకుని భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ మెల్లగా నడిచారు.

ఆ గోడ చాలా రోజులు ఖాళీగానే ఉంది. తొలకరి పడ్డాక ఒక సాయంత్రం జానమ్మే చింతగింజలు నానబోసి, జిగురు కాచి పెట్టింది. లాజరు మళ్లీ అదే చోటు వేశాడు. వేస్తున్నంతసేపూ ఆమె పక్కనే కూర్చుంది. దాచుకోకుండా చూసింది.

తవుడు బండి ఆపి నీళ్లు తాగడానికి వచ్చిన కొమురయ్య గోడ వంక చూసి గుర్తుపట్టలేకపోయాడు. గోనె నిండా వాన వెలిసిన ఆకాశం, పచ్చబడ్డ బీడు, దూరంగా చెరువు. కింద ఒక మూలన జాజు పూసిన చిన్న దిబ్బ.

"గిదేంది లాజరూ, గుట్ట గింతేనా?" అన్నాడు.

"గది ముందుగాల్నే గంతే ఉండె అన్న," అంది జానమ్మ, నీళ్ల చెంబు అందిస్తూ.